ఇన్‌స్టాలేషన్ మెసేజ్‌లో లైన్లు ఎందుకు కలిసిపోతాయి? డెబియన్ పద్ధతి ఇదీ

డెబియన్‌లోనూ, దాని ఆధారంగా తయారైన ఉబుంటులోనూ సాఫ్ట్‌వేర్ ఇన్‌స్టాల్ చేసేటప్పుడు అప్పుడప్పుడు స్క్రీన్ మీద ఓ పెట్టె వచ్చి ప్రశ్న అడుగుతుంది. పాత డేటా ఉంచాలా, తీసేయాలా అన్నది కూడా అందులో ఉండొచ్చు. మెసేజ్ గజిబిజిగా ఉంటే జవాబు తప్పుతుంది. తప్పు జవాబుతో ఇంటి ఫొటోలో, దుకాణం లెక్కలో పోతే తిరిగి రావడం కష్టం.

ఈ ప్రశ్నలు అడిగే ప్రోగ్రామ్ పేరు డెబ్‌కాన్ఫ్. దీన్ని రాసింది జోయి హెస్. ప్యాకేజీ తయారుచేసేవారు మెసేజ్‌ను 'టెంప్లేట్స్' అనే ఫైల్‌లో రాస్తారు. అదే మెసేజ్ ఒకచోట టెర్మినల్‌లో, మరోచోట గ్రాఫిక్ విండోలో కనిపిస్తుంది. స్క్రీన్ వెడల్పు ఒక్కటి కాదు కాబట్టి డెబ్‌కాన్ఫ్ లైన్లను తనే విరిచి సర్దుతుంది. మనం ఎంటర్ కొట్టి విడగొట్టిన లైన్లు ఒకే పేరాగా కలిసిపోయేది ఇందుకే.

ఎలా అదుపు చేయాలి?

• వివరణలో ప్రతి లైన్ ఒక ఖాళీతో (స్పేస్) మొదలవ్వాలి. అలాంటి లైన్లు కలిసి పేరా అవుతాయి.

• కొత్త పేరా కావాలంటే ఒక ఖాళీ, ఒక చుక్క మాత్రమే ఉన్న లైన్ పెట్టాలి. ఉత్త ఖాళీ లైన్ వదిలితే కుదరదు, అక్కడితో ఆ ప్రశ్న ముగిసిందని అర్థం.

• లైన్ రాసింది రాసినట్టే కనిపించాలంటే మొదట రెండు లేదా అంతకన్నా ఎక్కువ ఖాళీలు ఇవ్వాలి. జాబితాలకు, కమాండ్‌లకు ఇదే దారి.

రెండు ఖాళీల లైన్‌ను డెబ్‌కాన్ఫ్ సర్దదు. అది మరీ పొడుగైతే చూడ్డానికి బాగోదు, చదవడమూ కష్టమే. అందుకే అలాంటి లైన్లు పొట్టిగా ఉండాలి. పైన వచ్చే చిన్న ప్రశ్న కూడా సుమారు 50 అక్షరాల్లో ముగియాలని డెబ్‌కాన్ఫ్ సూచనలు చెబుతాయి.

ప్యాకేజీని పరిచయం చేసే 'డిస్క్రిప్షన్' భాగానికీ దాదాపు ఇవే నియమాలు. అందులో ట్యాబ్ వాడకూడదని డెబియన్ పాలసీ స్పష్టంగా చెబుతోంది. ట్యాబ్ ఏ స్క్రీన్‌లో ఎలా కనిపిస్తుందో ముందే చెప్పలేం మరి.

తెలుగులోకి అనువదించేవారికి

అనువాదంలో మాటలు మారినా లైన్ మొదట్లో ఉన్న అదనపు ఖాళీలు మారకూడదు. ఖాళీలతో నిలువు వరుసలు సర్దడం కూడా మంచిది కాదు. తెలుగు అక్షరాల వెడల్పు ఫాంటును బట్టి మారుతుంది, వరుసలు పక్కకు జరిగిపోతాయి.

ఇంకో మాట. 'నాన్ఇంటరాక్టివ్' పద్ధతిలో ఇన్‌స్టాల్ చేస్తే డెబ్‌కాన్ఫ్ ఏ ప్రశ్నా అడగదు, డిఫాల్ట్ జవాబునే తీసుకుంటుంది. మెసేజ్ ఎంత చక్కగా రాసినా అక్కడ చదివేవారు ఉండరు. కాబట్టి డేటా తీసేయాలా అన్న ప్రశ్నకు డిఫాల్ట్ జవాబు 'వద్దు' అని ఉండటమే క్షేమం.