తూర్పు ఆఫ్రికాకు పోయిన పంజాబు పనివారు

చేతిపని గలవానికి ఏ దేశమందైనను అన్నము దొరకునని మన పెద్దలు చెప్పుదురు. ఈ మాట ఎంతవఱకు నిజమో చూడదలచి, ఈ సంచికకై మేము మన జిల్లాలను విడిచి పంజాబు పనివారి చరిత్రమును చేపట్టితిమి.

వడ్రంగము, కమ్మరము, తాపీపని కులవృత్తులుగా గల సిక్కులకు రామ్‌గఢియాలని పేరు. వడ్రంగుల యింట బుట్టి దళనాయకుడైన జస్సాసింగు (1723–1803) అమృతసరమునందలి రామ్‌రౌణి యను మట్టికోటను పునరుద్ధరింపగా దానికి రామ్‌గఢమను పేరు వచ్చెను. ఆ పేరే ఆయనకును, పిమ్మట ఆ వృత్తులవారికిని సంక్రమించెను.

1896 లో బ్రిటిషువారు మొంబాసా రేవునుండి విక్టోరియా సరస్సువఱకు రైలుమార్గము వేయ మొదలిడిరి. పంజాబునందు కాలువలు, రైలుమార్గములు నిర్మించి యలవాటుపడిన పనివారు వారికి కావలసివచ్చిరి. ఆ యేటనే వలసల చట్టమును సవరించిరి. కరాచీ వర్తకుడు జీవన్‌జీ మనుష్యులను గూర్చి యోడ లెక్కించెను. ఒడంబడిక మూడేండ్లకు. 1901 డిసెంబరులో దారి సరస్సును జేరునప్పటికి సుమారు 32,000 మంది హిందూదేశస్థులు పోయి పనిచేసిరి. అందఱును పనివారు కారు. మన్ను మోసిన కూలీలే యెక్కువ. దాదాపు 2,500 మంది అక్కడనే మరణించిరి. సుమారు 6,700 మంది తిరిగిరాక నిలిచిరి.

సావో నదికడ సింహములు కూలీలను దిన్న కథ లోకమెఱిగినదే. మేము చెప్పదలచినది అచ్చటిదే యైన మఱియొక సంగతి. 1898 లో ఆ నదిపై వంతెన గట్టించిన ప్యాటర్సను దొర తన గ్రంథమున (1907) దీనిని వ్రాసినాడు. రాతిపనివానికి నెలకు 45 రూపాయలు, కూలీకి 12 రూపాయలు. వచ్చిన రాతిపనివారిలో పెక్కురు ఉలి పట్టనెఱుగని కూలీలనియు, హెచ్చు జీతమునకై పనివారమని చెప్పుకొనిరనియు ఆయన కనిపెట్టెనట. అంతట నెలజీతము మాన్పి, చేసిన పనిని బట్టి కూలి యేర్పఱచెను. నిజమైన పనివానికి 45 రూపాయలు ముట్టును. ఇతరునికి కూలిడబ్బులే మిగులును. వారు కోపించి రాతిగనికడ దొరను జంప నాలోచించిరి. ఒకడు ముందే తెలుపుటచే ఆయన బ్రదికెను. ముఖ్యులు మొంబాసాలో శిక్ష పొందిరి. వీరు చాలవఱకు పఠానులని దొర వ్రాసెను.

ఇది యజమాని చెప్పిన కథ. గనిలోనివారి నోట మనకు వినరాదు. పండ్రెండు రూపాయలకై సముద్రము దాటినవాడు నలువదియైదింటికి ఆశపడుట మాకు వింతగా దోపదు. అయినను, పనివాడనని పేరు పెట్టుకొన్న ప్రతివాని వలనను నిజమైన పనివాని మాటకు విలువ తగ్గును. మన గ్రామములందు ఈ చిక్కు లేదు. బండిచక్రము ఊరి బాటపై దిరిగిన నాడే వడ్రంగి పనితనము తెలియును. పరదేశమున సాక్షి యెవ్వడు?

నిలిచినవారికిని, వెనుక స్వేచ్ఛగా వచ్చిన వారి బంధువులకును సాక్షి పనియే యయ్యెను. 1899 లో రైలు శిబిరముగా బుట్టిన నైరోబీలో రైల్వే కర్మశాలలు, కట్టడములు, రంపపు మిల్లులు వారి చేతులమీదుగా నడచినవి. స్వాహిలీ భాషలో పనివానిని ఫుండి యందురు. సిక్కు ఫుండికి ఆ దేశమున గొప్ప పేరుండెను. రెండుమూడు తరములు వారట్లు బ్రదికిరి.

1963 లో కెన్యా స్వతంత్రమయ్యెను. 1967 నాటి చట్టముచే పౌరులు కానివారు పనిచేయుటకు అనుమతిపత్రము కావలసివచ్చెను. పెక్కుమంది చేత బ్రిటిషు పాస్‌పోర్టు లుండెను గనుక అటు బయలుదేరిరి. కామన్‌వెల్తు దేశస్థులకై బ్రిటనులో 1962 నుండి యున్న చట్టము పనితనము గలవారికి వేఱుగ వోచర్ల తరగతి యేర్పఱచినది. 1968 లో పార్లమెంటు కొలది దినములలోనే క్రొత్త చట్టము చేసి, ఆ పాస్‌పోర్టులు గలవారు సైతము తల్లిదండ్రులలోగాని తాతలలోగాని ఒకరు బ్రిటనున బుట్టిననే స్వేచ్ఛగా రావచ్చుననెను. లాహోరు జిల్లానుండి గజము చంకబెట్టుకొని పోయిన తాత బ్రిటనులో నెట్లు పుట్టును? వారు వోచర్లకై వరుసలో నిలువవలసివచ్చెను. 1972 లో ఉగాండా తన యాసియావారిని 90 దినములలో వెడలగొట్టినప్పుడు మాత్రము బ్రిటను సుమారు 28,000 మందిని జేర్చుకొన్నది.

నేడు నైరోబీలోను, లండను సౌథాలులోను, బర్మింగుహాములోను రామ్‌గఢియా గురుద్వారములు గలవు.