క్వార్టరు ఖాళీ చేసి చూడు

ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్నారు పెద్దలు. ఆ పెద్దలు మా బొగ్గు ఊళ్ళు చూసి ఉండరు. చూసి ఉంటే మూడో మాట కూడా చేర్చి ఉండేవారు - క్వార్టరు ఖాళీ చేసి చూడు అని.

మొన్న ఆదివారం మా మేనల్లుడు వచ్చాడు. గనిలో ఉద్యోగం. గోదావరిఖనిలో కిరాయి ఇంట్లో ఉంటున్నాడు. చాయ్ తాగి, జేబులోంచి నాలుగు మడతల కాగితం తీశాడు.

"మామా, కిరాయికి ఉండుడా, లోన్ తీసి ఇల్లు కట్టుడా? నువ్వే చెప్పు."

కాగితం నిండా లెక్కలు. నెలకు కిరాయి ఇంత, బ్యాంకు వాయిదా ఇంత, ఇరవై ఏళ్ళకు వడ్డీ ఇంత. ఎక్కడా తప్పు లేదు. ముప్పై ఏళ్ళ క్రితం నేనూ సరిగ్గా ఇలాంటి కాగితమే రాసుకున్నాను. అందులోనూ తప్పు లేదు. అయినా ఆ కాగితం నన్ను మోసం చేసింది. ఎందుకంటే మా ప్రాంతంలో ఇంటి ప్రశ్న కిరాయి దగ్గరా వడ్డీ దగ్గరా మొదలు కాదు. బొగ్గు దగ్గర మొదలవుతుంది.

కాస్త వెనక్కి వెళ్ళాలి. 1871లో విలియం కింగ్ అనే భూగర్భ శాస్త్రవేత్త ఇల్లెందు ప్రాంతంలో బొగ్గు ఉందని కనిపెట్టాడు. 1886లో హైదరాబాద్ దక్కన్ కంపెనీ తవ్వుకునే హక్కు పొందింది. 1889లో ఇల్లెందులో తవ్వకం మొదలైంది. 1920 డిసెంబరులో సింగరేణి కాలరీస్ కంపెనీ ఆ పేరుతో నమోదైంది. ఇదంతా అడవి. అడవిలో కిరాయికి ఇల్లెవరిస్తారు? పనివాడు సైరన్ వినపడేంత దూరంలో ఉండకపోతే షిఫ్టు నడవదు. అందుకని ఇంటి బాధ్యత కంపెనీలే నెత్తిన వేసుకోవలసి వచ్చింది. అలా కిరాయీ కాని, సొంతమూ కాని మూడో రకం ఇల్లు పుట్టింది. దాని పేరు క్వార్టరు. జీతంలో అదొక భాగం. జీతం ఆగిన రోజున అదీ ఆగుతుంది.

మా రామగుండం వైపు గనులు తెరుచుకున్నది 1960ల ప్రాంతంలో. గోదావరి ఒడ్డున ఖని కనక గోదావరిఖని అయింది. ఎనిమిదో ఇంక్లైన్ పక్కన వెలసిన ఇళ్ళు యైటింక్లైన్ కాలనీ అయ్యాయి. ఊరి పేరే గని నంబరన్న మాట! 1971లో 62.5 మెగావాట్ల థర్మల్ కేంద్రం వచ్చింది. 1978 నవంబరు 14న ప్రధాని మొరార్జీ దేశాయ్ ఎన్టీపీసీ కేంద్రానికి శంకుస్థాపన చేశారు. 1980లో ఎరువుల కర్మాగారం ఉత్పత్తి మొదలుపెట్టింది. పదేళ్ళలో ఇన్ని పనులు, వాటి వెంట వేల మంది మనుషులు. ఇళ్ళు మాత్రం అంత త్వరగా మొలవవు కదా!

నేను 1981లో వచ్చాను. ఖనిలో ఒక గది, మూడు మంచాలు, ఆరుగురం. పొద్దుటి షిఫ్టు వాడు లేస్తే రాత్రి షిఫ్టు వాడు అదే మంచం మీద వాలేవాడు. ఆ మంచాలు చల్లబడగా నేను చూడలేదు. మూడేళ్ళకు పెళ్ళి, ఆ వెంటనే జ్యోతినగర్‌లో క్వార్టరు. నల్లా విప్పితే నీళ్ళు. పోని కరెంటు. పిల్లలకు బడి, జ్వరం వస్తే ఆస్పత్రి. ఆ గదిలోంచి ఈ క్వార్టరులోకి వచ్చినవాడికి వేరే ఇల్లు గుర్తొస్తుందా?

మా ఆవిడకు గుర్తొచ్చేది. "ఇది మనది కాదు సుమండీ" అని ఏడాదికోసారి అనేది. నేను నా కాగితం చూపించేవాణ్ణి. ఇంత తక్కువ ఖర్చులో ఉంటూ అప్పు చేసి ఇటుకలు కొనడం బుద్ధిమంతుల పనేనా అని. చివరికి 1996లో తన మెడలో గొలుసు అమ్మించి చిన్న ప్లాటు కొనిపించింది. దానికి మాత్రం నేను కాగితం మీద లెక్క వేయలేదు, వేసినా ఆవిడ చూసేది కాదు.

ఆ తర్వాత మూడేళ్ళకు మాకందరికీ ఒక పాఠం దొరికింది. 1999లో ఎరువుల కర్మాగారం మూతపడింది. నిన్నటి దాకా పిల్లల అరుపులతో ఉన్న క్వార్టర్లలో తుమ్మ చెట్లు లేచాయి. అక్కడ నాకు ఇద్దరు మిత్రులుండేవారు. ఒకాయన బయట ఇల్లు కట్టుకున్నాడు, ఇంకొకాయన కట్టుకోలేదు. కట్టుకోని ఆయన రెండు పెట్టెలు సర్దుకుని వేరే ఊరికి, వేరే కొలువుకి వెళ్ళిపోయాడు. కట్టుకున్న ఆయన ఇల్లు అమ్ముదామంటే కొనేవాడు లేడు, కిరాయికిద్దామంటే వచ్చేవాడు లేడు. అదే ఆవరణలో కొత్త కర్మాగారం 2021లో పని మొదలుపెట్టింది. ఇరవై రెండేళ్ళు! కర్మాగారం తిరిగొచ్చింది గానీ, నలభై అయిదేళ్ళ మనిషికి ఈలోపు అరవై ఏడు వచ్చాయి.

ఇది మన ఒక్కరి కథ కాదు. జపానులో హషిమా అని ఒక బొగ్గు దీవి ఉంది. 1916లోనే అక్కడ సిమెంటు కాంక్రీటుతో అంతస్తుల ఇళ్ళు కట్టారు. 1959లో ఆ చిన్న దీవి మీద 5 వేలకు పైగా జనం. 1974 జనవరిలో గని మూసేశారు. ఏప్రిల్ కల్లా దీవి మీద మనిషి లేడు. అన్నీ కంపెనీ ఇళ్ళే, తాళం వేసి పడవెక్కారు. అంత దూరం ఎందుకు, మన బెల్లంపల్లిలో భూగర్భ గనులు ఒక్కొక్కటే మూతపడుతుంటే బజారు ఎలా బక్కచిక్కిందో అక్కడివారినే అడగండి. సింగరేణిలో 1990ల మొదట్లో లక్షకు పైగా కార్మికులుండేవారు. ఇప్పుడు నలభై వేల చిల్లర.

ఇంతా విని అల్లుడు, "అయితే కట్టొద్దంటవా మామా?" అన్నాడు.

అలా అనలేదు. వాడి కాగితంలో లేని మూడు ప్రశ్నలున్నాయన్నాను. మొదటిది, నేల ఎవరిది? మా వైపు ఎన్నో బస్తీలు కంపెనీ భూముల్లో, సర్కారు భూముల్లో గుడిసెలుగా మొదలై డాబాలయ్యాయి. చేతులు మారింది తెల్లకాగితం మీద, సాదా బైనామా మీద. ఆ తర్వాత 76వ నంబరు జీవో కింద కొందరికి పట్టాలొచ్చాయి. ఆ పట్టా కోసం కొందరు ఒక తరమంతా ఎదురుచూశారు. రెండోది, నేల కింద ఏముంది? పైన మనం గృహప్రవేశం చేసుకుంటే, కింద బొగ్గు ఉంటే, ఏదో ఒకనాడు ఓపెన్‌కాస్టు కొలతల గొలుసు మన గడప దాకా రావచ్చు. మూడోది, ఈ ఊరు ఎన్నాళ్ళుంటుంది? 1971 నాటి థర్మల్ కేంద్రం 2024లో మూతపడింది. 2023, 2024లలో పక్కనే 800 మెగావాట్ల యూనిట్లు రెండు వచ్చాయి. ఒకటి పోతోంది, ఒకటి వస్తోంది. వడ్డీ లెక్క కన్నా ఈ లెక్క కష్టం.

"మరి నువ్వెందుకు కట్టినవ్?" అన్నాడు.

నేను 2018లో రిటైరయ్యాను. ముప్పై నాలుగేళ్ళున్న క్వార్టరు తాళంచెవి అప్పగించి రసీదు తీసుకున్నాను. గోడ మీద పిల్లల ఎత్తులు కొలిచిన పెన్సిలు గీతలు మాత్రం వాళ్ళకే వదిలేశాను. అంతకు ముందు ఏడాది ఆ ప్లాటులో మూడు గదులు వేశాం కనుక వెళ్ళడానికి చోటుంది. గోడలు బూడిద ఇటుకలవి. థర్మల్ కేంద్రాల చుట్టుపక్కల ఇటుకల్లో బూడిద వాడాలని 1999లో కేంద్రం ఉత్తర్వు తెచ్చింది. అప్పటినుంచి ఈ ఇటుకలు బాగా వచ్చాయి. ఖనిలో తవ్విన బొగ్గు జ్యోతినగర్‌లో కాలి, ఆ బూడిద మా గోడలయింది. మా బావ తవ్విన బొగ్గు కూడా అందులో ఎంతో కొంత ఉండే ఉంటుందని మా అక్క ఆ గోడను తడిమి చూసేది.

అక్క పేరెత్తగానే లోపలినుంచి మా ఆవిడ వచ్చింది.

"కాగితం పక్కన పెట్టు గానీ, మీ అమ్మ ఏమంటున్నది?" అని అడిగింది అల్లుణ్ణి.

వాడు తల దించుకున్నాడు. బావ అన్‌ఫిట్ అయి క్వార్టరు ఖాళీ చేశాక, అల్లుడికి మొదటి పోస్టింగు మందమర్రిలో పడింది. బావ పోయాడు. అయిదేళ్ళలో అక్క మూడు కిరాయి ఇళ్ళు మారింది. మారినప్పుడల్లా తులసి కుండీ ఆటోలో తన ఒళ్ళో పెట్టుకుని కూర్చునేది.

"భూమిలో నాటుకునే జాగ ఎప్పుడు చూపిస్తవ్ కొడుకా అంటున్నది అత్తా," అన్నాడు మెల్లగా.

ఇది వాడి కాగితంలోనూ లేదు, నా మూడు ప్రశ్నల్లోనూ లేదు.

మర్నాడు పొద్దున్నే స్కూటరు మీద వచ్చాడు, ప్లాటు చూద్దాం రమ్మని. వెళ్ళాం. అమ్మేవాడు గజం ధర చెప్పబోతుంటే మావాడు చెయ్యడ్డం పెట్టాడు.

"ధర తర్వాత చెప్పన్నా. ముందు కాగితాలు చూపెట్టు. ఈ నేల కింద బొగ్గుందా, లేదా?"