చిత్త కార్తె రాకముందే

తెల్లవారుజాము అయిదున్నర. రాజమండ్రి ఇన్నీసుపేటలో వీధిదీపాలు ఇంకా ఆరలేదు. కుక్కలు పట్టే వ్యాను ఇంజను ఆపేసి సందు మొదట్లో నిలబడింది. మీరు డ్రైవరు పక్కన కూర్చున్నారు. వెనక బోనులన్నీ ఖాళీ. "దిగేటప్పుడు తలుపు గట్టిగా వెయ్యకండి బాబూ" అని పట్టేవాళ్ళలో పెద్దాయన ముందే చెప్పాడు.

మూసి ఉన్న చికెన్ కొట్టు అరుగు కింద గోధుమరంగు ఆడకుక్క ఒకటి ముడుచుకు పడుకుంది. ఆయన ముందుగా దాని పొదుగు వైపు చూస్తాడు. పిల్లలకు పాలిస్తున్న తల్లిని పట్టడు. ఆరు నెలలు నిండని పిల్లనూ పట్టకూడదు. ఇది అలాంటిది కాదు. ఎదురుగా ఒకరు బిస్కెట్ విసురుతారు, వెనకనుంచి ఇంకొకరు వల వేస్తారు. ఒక్కసారి కెవ్వుమంటుంది, అంతే, వీధిలో కుక్కలన్నీ అందుకుంటాయి. మేడ మీద కిటికీ తెరుచుకుంటుంది. బోను గడియ పడేలోపే డ్రైవరు పుస్తకంలో రాసేస్తాడు: రంగు, ఆడదో మగదో, ఏ కొట్టు ఎదురుగా దొరికిందో. మళ్ళీ అక్కడే దింపాలి మరి.

హస్త కార్తె నడుస్తోంది, ఇంకో వారానికి చిత్త. కుక్కలు గుంపులు కట్టి తిరిగే రోజులు అవేనని ఈ డెల్టాలో పిల్లవాడికైనా తెలుసు. కుక్క చూలు సుమారు 63 రోజులు. అక్టోబరు మధ్యలో జతకడితే డిసెంబరు మధ్య దాటాక, ధనుర్మాసపు చలిలో, ఏ కాలవ తూము కిందో ఈనుతుంది. ఆ ఈతలో చాలా పిల్లలు చలికీ, పార్వో జబ్బుకీ, లారీ చక్రాలకీ పోతాయి. బతికిన ఆడపిల్ల వచ్చే చిత్తకు తనే చూలు కడుతుంది. అందుకే పిల్లలు పుట్టకుండా ఏడాదంతా చేసే ఆపరేషన్లలో ఈ కార్తెకు ముందు చేసినదాని విలువ వేరు. టెండర్లు ఆలస్యమై, బిల్లులు ఆగి, కార్తికంలో పని మొదలైతే ఆ ఏడు చెయ్యి దాటిపోయినట్టే.

ఆ ఆపరేషన్లు చేసే ఏబీసీ (యానిమల్ బర్త్ కంట్రోల్) సెంటర్లో అడుగుపెట్టగానే ఫినాయిల్ వాసన, దాని వెనకే తడి కుక్కల వాసన. ఇవాళ పట్టినదాని వంతు రేపు. దానికి రాత్రి తిండి పెట్టరు. ఇప్పుడు బల్ల మీద ఉన్నది నిన్నటి నల్ల కుక్క. జైలజీన్, కెటమిన్ ఇచ్చారు. కెటమిన్ మత్తులో కళ్ళు మూతపడవు, అందుకని సహాయకురాలు కంటికి మందు రాస్తోంది. డొక్క మీద బొచ్చు గొరిగి, అయోడిన్ పూసి, రెండు వేళ్ళ వెడల్పున డాక్టరు గాటు పెడతాడు. చిన్న కొక్కెం లోపలికి వెళ్ళి గర్భసంచి కొమ్మును పైకి లాగుతుంది. ముడి, కోత, ఇంకో ముడి. మీరు ఊపిరి బిగబట్టి చూస్తుండగానే లోపలి కుట్లు పడిపోతాయి. ఆ మత్తులోనే చెవి అంచున చిన్న ముక్క కత్తిరిస్తారు, దూరంనుంచి చూసినా ఆపరేషన్ అయిందని తెలియడానికి. రేబిస్ టీకా కూడా వేస్తారు.

తీసిన అవయవాలు ఫార్మలిన్ బకెట్లో పడతాయి. పర్యవేక్షణ కమిటీ వాటిని లెక్కపెట్టి, చేశామన్న ఆపరేషన్లతో సరిచూడాలి. చూడ్డానికి వికారంగా ఉంటుంది గానీ, ప్రజల డబ్బుకు ఇంతకంటే నిక్కచ్చి రసీదు నాకు కనిపించలేదు.

మధ్యాహ్నం వ్యాను దానవాయిపేట వెళ్తుంది. ఆపరేషన్ తరవాత నాలుగు రోజులు తగ్గకుండా ఉంచి, గాయం మానిన కుక్కల్ని దింపడానికి. బోను తెరవగానే ఒక ఇల్లాలు గేటు దగ్గరికి వస్తుంది, చంకలో పిల్లాడు.

"ఏవండీ, పట్టుకుపోయారని సంతోషించావండీ. మళ్ళీ మా వీధిలోనే దింపేస్తారేంటండీ?"

"ఆయ్, దీన్ని తీసేస్తే మీ వీధి ఖాళీ అయిపోద్దమ్మా. ఖాళీ ఉంటే ఇంకోటి వచ్చేత్తాది. దానికి ఆపరేషనూ ఉండదు, టీకా ఉండదు."

పెద్దాయన చెప్పింది అనుభవం. మద్రాసు కార్పొరేషన్ వందేళ్ళకు పైగా కుక్కల్ని చంపింది, అవి తగ్గలేదు. జంతు సంక్షేమ సంస్థ బ్లూక్రాస్ 1960ల నుంచీ చెబుతూ వచ్చిన ఆపరేషన్ల దారికి 1996లో మళ్ళింది. జైపూర్‌లో 1994లో మొదలుపెట్టి పట్టు వదలకుండా చేస్తే, చేసిన పేటల్లో కుక్కలూ తగ్గాయి, రేబిస్సూ తగ్గింది. 2025 ఆగస్టు 22న సుప్రీంకోర్టు కూడా ఆపరేషన్ చేసి, టీకా వేసి అక్కడే వదలమంది. రేబిస్ సోకినవీ, మీదపడి కరిచేవీ మినహా. నవంబరులో బడులు, ఆసుపత్రులు, బస్టాండ్లు, రైల్వే స్టేషన్ల దగ్గర పట్టినవాటిని మాత్రం తిరిగి అక్కడ వదలొద్దని చెప్పింది. అయినా ఆవిడ భయాన్ని తీసిపారెయ్యకూడదు. చంకలో పిల్లాడున్న తల్లి అడిగేది న్యాయమే. నూటికి డెబ్భై కుక్కలకు టీకా పడితేనే రేబిస్ గొలుసు తెగుతుంది. చికెన్ కొట్టు వ్యర్థాలు సందు చివర గుట్టపడుతున్నంతకాలం కుక్కలూ అక్కడే చేరతాయి.

సాయంత్రం ధవళేశ్వరం దాటి కాలవగట్టు పట్టుకుని కిందికి వెళ్ళండి. గట్టు మీద గోనెసంచి కదులుతోంది. విప్పితే కళ్ళు ఇంకా తెరవని పిల్లలు అయిదు. అన్నీ ఆడవే. మగపిల్లల్ని ఎవరో పెంచుకుంటామని తీసుకెళ్ళారు. ఇవి వీధికుక్క పిల్లలు కావు, ఎవరో అన్నం పెట్టి పెంచుకున్న కుక్క ఈనినవి. నాకు అన్నిటికంటే బాధ కలిగించేది ఈ సంచే. పెంపుడు కుక్క ఆపరేషన్ బాధ్యత యజమానిదేనని 2023 నాటి ఏబీసీ నిబంధనలు చెబుతున్నాయి. ప్రైవేటు క్లినిక్‌లో అది వేలల్లో పని; కోత కూలికి వెళ్ళే ఇల్లు ఎక్కణ్ణించి తెస్తుంది? వీధికుక్కల బాధ్యత పంచాయతీలకూ ఉంది. దీపాల కరెంటు బిల్లుకే తడుముకునే పంచాయతీ ఒంటరిగా ఆపరేషన్ థియేటర్ కట్టలేదు. కానీ పక్కపక్కనున్న పది పంచాయతీలు కలిస్తే ఒక వ్యాను, ఒక డాక్టరు, నెలకొక శిబిరం సాధ్యమే.

ఏటా జూలై 6న, పాశ్చర్ 1885లో తొలి రేబిస్ టీకా వేసిన రోజున, మన పశువైద్యశాలల్లో పెంపుడు కుక్కలకు ఉచితంగా టీకా వేస్తారు. మీ కుక్కను తీసుకెళ్ళండి. వరసలో నిలబడ్డప్పుడే ఆపరేషన్ సంగతీ అడగండి. వచ్చే గ్రామసభలో ఉమ్మడి శిబిరం కావాలని లేచి చెప్పండి, తీర్మానంలో రాయించండి. చిత్త కార్తె రాకముందే.