గనిలో పడిన నది

బొగ్గు అనగానే మనకు కన్నులకు కట్టునది సింగరేణి నల్లబొగ్గు. ఆస్ట్రేలియాలోని విక్టోరియా రాష్ట్రమున, లాట్రోబ్ లోయలో దొరకునది వేరొక జాతి. అది గోధుమవన్నె బొగ్గు; తమిళనాడులోని నైవేలి లిగ్నైటుకు జ్ఞాతి. దాని బరువులో సుమారు మూడింట రెండు పాళ్ళు నీరే. అట్టి తడిబొగ్గును దూరము మోయుట దండుగ కనుక గని ప్రక్కనే విద్యుత్కేంద్రమును కట్టినారు. మొదటి ప్రపంచ యుద్ధములో సేనాపతిగా పేరొందిన ఇంజనీరు సర్ జాన్ మోనాష్ ఆ కార్యమునకు పెద్దగా నిలిచినాడు. 1924లో యాలూర్న్ విద్యుత్తు మెల్బోర్న్ నగరమునకు చేరినది. గని పెరిగి పెరిగి, తన పనివారికై కట్టిన యాలూర్న్ పట్టణమునే 1980లలో మింగినది.

కడకు గని అంచు లాట్రోబ్ నదికి చేరువైనది. 2007 నవంబరు 14వ తేదీన, సుమారు ఎనుబది మీటర్ల ఎత్తున్న గోడ అర కిలోమీటరు పొడవున గనిలోనికి కదలినది. వెంటనే నది దారి తప్పి గనిలో పడినది. అదృష్టవశమున ఎవరి ప్రాణమును పోలేదు. కాని రాష్ట్రపు విద్యుత్తులో ఐదవ వంతుకు మించి ఇచ్చు కేంద్రమునకు బొగ్గు కరవైనది.

గోడ మరీ నిటారుగా ఉన్నందున కూలినదని మనబోటివారము అనుకొందుము. 2008లో వెలువడిన విచారణ నివేదిక నీటినే ప్రధాన దోషిగా ఎంచినది. బొగ్గు పొరలో నిలువు పగుళ్ళు సహజము. ముందున్న బొగ్గును తవ్వి తీయగానే ప్రక్క ఆసరా పోయి అవి నోరు తెరచును. నదితో సంబంధమున్న అట్టి పగులు నిండినచో, ఆ నీరు గోడను వెనుకనుండి నెట్టును. క్రిందనున్నది బంకమన్ను పొర. దానిపైకి దిగిన నీరు బొగ్గును అడుగునుండి పైకెత్తును. రాతిగోడయైతే తన బరువుచేతనే కొంత నిలద్రొక్కుకొనును. ఈ బొగ్గో, నీటికంటె కొద్దిగా మాత్రమే బరువు! అందుచేత గోడ ముక్కలై రాలలేదు. తెప్పవలె, పెద్ద దిమ్మగా జారినది. అంతకుముందే నేలపై బీటలు కనబడినవి. వాటి అర్థమును సకాలమున గ్రహింపకపోవుటయే మాకు అన్నిటికంటె శోచనీయముగా తోచినది.

అట్టి గోడలకు అడ్డముగా బెజ్జములు తొలిచి, లోని నీటిని బయటికి వదలుట తెలిసిన చికిత్సయే. నైవేలిలోను లిగ్నైటు క్రింది నీటిని తోడిన తరువాతనే తవ్వకము సాగును. యాలూర్న్‌లో నదికి కొత్త దారి వేసి గనిని తిరిగి నడపినారు. 2012 జూన్‌లో మార్వెల్ అను మరియొక నది పొంగి, గని మీదుగా కట్ట వేసి మళ్ళించిన తన కాలువను తెంచుకొని, అదే గనిలో పడినది.