ముందు టైరు, వెనుక టైరు

కారంచేడు, పర్చూరు ప్రాంతాల రైతులకు 'జత' అన్న మాట రెండు విధాల అర్థమవుతుంది. ఎద్దులను కొనేటప్పుడు ఎత్తు, వయస్సు, నడక సరిచూచి, ఉజ్జీగా ఉన్నవాటినే తెచ్చుకుంటారు. ఇది ఒక అర్థం. ఇంటికి తోలుకొని వచ్చిన తరువాత మాత్రం ఒకదానిని దాపట, రెండవదానిని వలపట (మా రైతుల నోట 'ఎలపట') కట్టి, ఆయా స్థానాలకే అలవాటు చేస్తారు. దాపటి ఎద్దును వలపట కడితే అది కాడి కింద తికమక పడుతుంది, చాలు వంకర పోతుంది. సమానమైనవే, కాని స్థానం మార్చరానివి. ఇది రెండవ అర్థం. మోటారు సైకిలు దగ్గరకు వచ్చేసరికి మనవారు మొదటి అర్థమే పట్టుకొని రెండవదానిని విడిచిపెట్టారని నా అభిప్రాయం.

ముందు టైరు మీద పొడుగునా గీతలు, వెనుక టైరు మీద గళ్ళు ఉంటే "రెండూ ఒకే రకం ఎందుకు వేయలేదు?" అని కొట్టువానితో తగవు పడేవారు కొందరు. "నల్లగా గుండ్రంగా ఉంటే చాలు, ఏదైనా ఎక్కడైనా వేయవచ్చు" అని అరిగిన వెనుక టైరును ముందుకు మార్పించేవారు మరికొందరు. ఈ రెండు వాదాలూ ఎడ్లబండి నుంచి వచ్చినవే అనిపిస్తుంది.

బండి చక్రాన్ని ఒకసారి తలచుకుందాం. నడుమ కుంభి, దాని నుంచి ఆకులు, ఆకుల చివర పూటీలు, వాటి చుట్టూ ఇనుప పట్టా. చక్రపు అంచుకు నేమి, ప్రధి అనే పేర్లు అమరకోశంలో ఉన్నాయి. కమ్మరి ఆ పట్టాను పిడకల మంటలో ఎర్రగా కాల్చి, వ్యాకోచించగానే చక్రానికి తొడిగి నీళ్ళు పోసేవాడు. చల్లారి బిగిసిన పట్టా కర్రను విడువదు. ఆ బండికి ఇరుసు ఒకటే, చక్రాలు రెండూ దానికి అటు ఇటు ఉండి ఒకే పని చేస్తాయి. కనుక రెండూ ఒకే కొలతలో ఉండి తీరాలి, లేకుంటే బండి ఒక పక్కకు లాగుతుంది. అవసరమైతే కుడి చక్రం ఎడమకు వేసినా నష్టం లేదు. టైరు బండ్లు వచ్చినప్పుడు కూడా ఈ నియమం మారలేదు.

గాలి టైరుకు 1845లోనే రాబర్ట్ థామ్సన్ పేటెంటు పొందాడు గాని అది వాడుకలోకి రాలేదు. 1888లో బెల్‌ఫాస్టులో దానిని మరల కనిపెట్టి పేటెంటు తీసుకున్న జాన్ బాయిడ్ డన్లప్ వృత్తిచేత పశువైద్యుడు! ఒంగోలు గిత్తల గడ్డ మీద పుట్టినవారికి ఈ సంగతి కొంచెం ముచ్చట గొలుపుతుంది.

ఇక మోటారు సైకిలు. అమ్మకానికి వరుసగా తయారయిన తొలి మోటారు సైకిలు 1894 నాటి జర్మనీ దేశపు హిల్డెబ్రాండ్, వోల్ఫ్‌ముల్లర్ వారిది. దానికి ముందు చక్రం పెద్దది, వెనుకది చిన్నది. అంటే ఈ వాహనం పుట్టుకలోనే రెండు చక్రాలూ వేరు. ఒకటి దారి చూపేది, మరొకటి తోసేది.

మన దేశంలో ఈ భేదాన్ని కంటికి కట్టినది బుల్లెట్టు. 1955లో మద్రాసులో ఎన్‌ఫీల్డ్ ఇండియా సంస్థ ఏర్పడింది. దాని కర్మాగారం వెలసిన తిరువొత్తియూరులోనే అంతకు ముందు 1946లో ఒక చిన్న షెడ్డులో ఆటబెలూన్ల తయారీతో ఎం.ఆర్.ఎఫ్. మొదలైంది. 1952లో అరిగిన టైర్లకు పైపట్టీ వేసే రబ్బరు, 1960ల ఆరంభంలో టైర్లు అక్కడి నుంచి వచ్చాయి. మన చీరాల మీదుగా పోయే మద్రాసు రైలు చేరే నగరపు ఉత్తర శివారే అది.

పాత బుల్లెట్టుకు ముందూ వెనుకా టైరు కొలత ఒక్కటే: 3.25-19. చిక్కంతా ఇక్కడే వచ్చింది. కొలత ఒక్కటే కనుక దానిది దీనికీ, దీనిది దానికీ పడుతుంది. కాని ముందు టైరు గాళ్ళు చుట్టుకొలత వెంట సాగుతాయి, హ్యాండిల్ తిప్పిన వైపుకు జారకుండా పట్టి నడిపించడానికి. వెనుక టైరు గళ్ళు అడ్డంగా తెగి ఉంటాయి, ఇంజను బలాన్ని నేలకు అందించడానికి. బరువు ఎక్కువగా మోసేదీ, త్వరగా అరిగేదీ వెనుకటిదే. బ్రేకు వేసినప్పుడు మాత్రం బరువు ముందుకు ఒరుగుతుంది, ముందు టైరే ఆ భారం భరించాలి.

అరిగిన వెనుక టైరు నడిమి భాగం బల్లపరుపు అవుతుంది. దానిని ముందు వేస్తే బండి మలుపులో నెమ్మదిగా ఒరగదు, ఒక్కసారిగా పడినట్లు ఒరుగుతుంది. మా నల్లరేగడి సంగతి చెప్పనక్కరలేదు. వానకాలంలో పొలాల నుంచి ట్రాక్టర్లు తెచ్చిన బంక మట్టి తారు రోడ్డు మీద పరచుకుంటుంది. వెనుక చక్రం జారితే కాలు ఆనించి నిలబెట్టుకోవచ్చు, ముందు చక్రం జారితే ఆ వ్యవధి ఉండదు. నా వద్ద చదువుకున్న ఒకతను ఇలాగే కాలువ కట్ట మీద పడి మెడ కింది ఎముక విరుగగొట్టుకున్నాడు. నేను చూడబోయినప్పుడు, ముందు చక్రానికి వెనుక టైరు వేయించుకుని నాలుగు వందలు మిగుల్చుకున్నానని తానే చెప్పి నవ్వాడు. ఆ నవ్వు నాకు నచ్చలేదు.

బుల్లెట్టులో గీతలు చూచి తెలుసుకోవచ్చు. 1994లో వచ్చిన హీరో హోండా స్ప్లెండర్‌లో భేదం మరింత మరుగున ఉంది. రెండు టైర్లూ 2.75-18 కొలతవే, కాని ముందుదాని మీద 4 పి.ఆర్., వెనుకదాని మీద 6 పి.ఆర్. అని ఉంటుంది. పూర్వం నూలు పొరల లెక్కను చెప్పిన ఈ అంకె, నైలాను వచ్చాక బలానికి గుర్తుగా మిగిలింది. పాలక్యాన్లు, ఎరువు బస్తాలు కట్టుకొని పోయేవారు ముందు టైరును వెనుకకు వేస్తే అది తన శక్తికి మించిన బరువు మోస్తున్నదన్నమాట.

తరువాత వచ్చిన చాలా బండ్లకు వెనుక టైరు వెడల్పు పెరిగి, తారుమారు చేసే అవకాశమే లేకపోయింది. కాని కొత్త మిశ్రమం ఒకటి వచ్చింది. పాత రకం టైరులో లోపలి పోగులు ఏటవాలుగా ఒకదానిపై ఒకటి అడ్డంగా పోతాయి. రేడియల్ రకంలో ఒక అంచు నుంచి మరొక అంచుకు తిన్నగా పోతాయి. 1946లో ఫ్రాన్సు దేశపు మిషెలిన్ సంస్థ పేటెంటు పొందిన ఈ పద్ధతి మోటారు సైకిళ్ళకు 1980లలో గాని రాలేదు. 2011 నాటి యమహా ఆర్15 బండికి ముందు పాత రకం, వెనుక రేడియల్ కంపెనీవారే బిగించి ఇచ్చారు. కనుక కలపడమే దోషం కాదు. దానిని తిరగవేసి ముందు రేడియల్, వెనుక పాత రకం వేయవద్దని టైర్ల తయారీదారులు చెబుతారు. రెండింటి ప్రక్కగోడలు వేరువేరుగా వంగుతాయి, మలుపులో ముందు చక్రం మాట వెనుక చక్రం వినదు.

టైరు ప్రక్కన బాణం గుర్తు ఒకటి ఉంటుంది. కొన్నింటి మీద రెండు బాణాలు ఎదురెదురు దిశలలో ఉంటాయి, ఒకటి ముందు చక్రానికి, ఒకటి వెనుక చక్రానికి. చూచినవారు అచ్చుతప్పు అనుకుంటారు. వెనుక చక్రానికి నేల మీద పడే పెద్ద బలం బండి తోపు వలన వచ్చేది, ముందు చక్రానికి బ్రేకు వలన వచ్చేది. ఈ రెండూ ఎదురు దిశలవి. రబ్బరు పట్టీని అతికిన చోటు ఆ బలానికి విడిపోకుండా ఉండాలంటే, అదే టైరును ముందు వేసేటప్పుడు తిప్పి వేయవలసి ఉంటుంది. రెండు బాణాలు అందుకు వేసినవే.