శరీరం చెప్పే చరిత్ర: కాందిశీకుల మానసిక ఆఘాతం, జీవ సూచికలు

లక్ష్యాలు

ఈ భాగం చదివిన తర్వాత మీరు:
• జీవ సూచిక అంటే ఏమిటో నిర్వచించగలుగుతారు.
• బర్మా నుంచి తెలుగువారు తిరిగివచ్చిన రెండు సందర్భాలను వివరించగలుగుతారు.
• శరీరపు కొలతలను చరిత్ర ఆధారంగా వాడేటప్పుడు పాటించవలసిన జాగ్రత్తలను చెప్పగలుగుతారు.

1. పరిచయం

హైదరాబాద్‌లోని అమీర్‌పేట నుంచి పంజాగుట్ట వైపు వెళ్తే దారి పొడవునా ల్యాబులు, ఆసుపత్రులు కనిపిస్తాయి. 1960ల్లో ఎముకల ఆసుపత్రిగా మొదలై పెద్ద వైద్య సంస్థగా ఎదిగిన నిమ్స్ కూడా పంజాగుట్టలోనే ఉంది. ఇలాంటి చోట కార్టిసాల్ పరీక్షకు సాధారణంగా ఉదయం పూట రక్తం తీస్తారు. మన మూత్రపిండాల మీద ఉండే అధివృక్క గ్రంథులు విడుదల చేసే హార్మోను కార్టిసాల్. భయం, ఒత్తిడి కలిగినప్పుడు దాని స్థాయి మారుతుంది. శరీర స్థితిని తెలిపే ఇలాంటి కొలవదగిన గుర్తునే 'జీవ సూచిక' అంటారు.

రిపోర్టులో వచ్చేది ఒక అంకె మాత్రమే. ఇల్లు, ఊరు, అయినవారిని పోగొట్టుకుని వచ్చిన మనిషి బాధను ఆ అంకె చెప్పగలదా? ఇది వైద్యులకే పరిమితమైన ప్రశ్న కాదు. గతానికి ఆధారాలు వెతికే చరిత్ర విద్యార్థి కూడా అడగవలసిన ప్రశ్న.

2. బర్మా నుంచి వచ్చిన తెలుగువారు

ఈ ప్రశ్న తెలుగువారికి కొత్తది కాదు. పంతొమ్మిదో శతాబ్దంలో దిగువ బర్మా బ్రిటిష్ పాలన కిందికి వెళ్లాక కాకినాడ, విశాఖపట్నం, కళింగపట్నం వంటి రేవుల నుంచి వేలాదిమంది రంగూన్ వెళ్లారు. కోరంగి రేవు పేరు మీద తెలుగువారిని అక్కడ 'కోరంగీలు' అనేవారు. వారిలో చాలామంది బియ్యం మిల్లుల్లో, ఓడరేవులో కూలిపని చేసేవారు. 1930 మే నెలలో రేవు కూలీల సమ్మె దరిమిలా చెలరేగిన దాడుల్లో వందమందికి పైగా మరణించారు. మృతుల్లో తెలుగు కూలీలే ఎక్కువ.

1941 డిసెంబర్ 23న జపాన్ విమానాలు రంగూన్‌పై బాంబులు కురిపించాయి. తర్వాతి నెలల్లో దాదాపు 5 లక్షలమంది భారతీయులు బర్మా విడిచారని అంచనా. ఓడలో చోటు దొరకనివారు అరకాన్ కొండల మీదుగా, మణిపూర్, అస్సాం అడవుల గుండా నడిచారు. ఆకలికి, కలరాకు, మలేరియాకు వేలమంది దారిలోనే ప్రాణాలు వదిలారు. చనిపోయినవారి సంఖ్యను ఎవరూ కచ్చితంగా లెక్కించలేదు.

1962లో బర్మాలో సైనిక పాలన వచ్చింది. 1964లో దుకాణాలను జాతీయం చేశారు. ఆ తర్వాతి సంవత్సరాల్లో సుమారు 3 లక్షలమంది భారతీయులు వెనక్కి వచ్చారని అంచనా. విశాఖపట్నంలోని 'బర్మా క్యాంప్' అనే పేరు ఆ రాకకు గుర్తుగా నేటికీ మిగిలింది.

ఇలాంటి వలసల గురించి ప్రభుత్వ పద్దులు ఏం చెబుతాయో గమనించండి. ఎంతమంది వచ్చారు, ఎంత సాయం ఇచ్చారు అన్నవి వాటిలో ఉంటాయి. వచ్చినవారికి రాత్రి నిద్ర పట్టిందా, పీడకలలు వచ్చాయా అన్నది ఉండదు. ఆఘాతానంతర మానసిక రుగ్మతకు అమెరికా మనోవైద్యుల వర్గీకరణ గ్రంథంలో ఆ పేరుతో చోటు దక్కింది 1980లోనే. అంటే 1942లో నడిచివచ్చినవారి బాధకు పేరు పెట్టడానికి దాదాపు నాలుగు దశాబ్దాలు పట్టింది.

3. బాధను కొలిచే ప్రయత్నాలు

భయం వేసినప్పుడు శరీరం పోరాటానికో పారిపోవడానికో సిద్ధమవుతుందని వాల్టర్ కానన్ 1915లో వివరించాడు. రకరకాల హానికర పరిస్థితులకు ఎలుకల శరీరాలు ఒకే తీరులో స్పందిస్తున్నాయని, వాటి అధివృక్క గ్రంథులు ఉబ్బుతున్నాయని హాన్స్ సెల్యే 1936లో ప్రకటించాడు. దీన్నిబట్టి ఆఘాతానికి గురైనవారిలో కార్టిసాల్ ఎక్కువగా ఉండాలని ఎవరైనా అనుకుంటారు.

ఫలితాలు వేరుగా వచ్చాయి. ఆఘాతానంతర రుగ్మత ఉన్న వియత్నాం యుద్ధ సైనికుల మూత్రంలో కార్టిసాల్ తక్కువగా ఉందని జాన్ మేసన్ బృందం 1986లో తెలిపింది. యూదుల సామూహిక హత్యాకాండ నుంచి బతికి బయటపడి, అదే రుగ్మతతో బాధపడుతున్నవారిలోనూ రేచల్ యెహూదా బృందం 1995లో ఇదే గమనించింది. కార్టిసాల్ విడుదలను ఆపే వ్యవస్థ వీరిలో మరీ చురుకుగా పనిచేస్తోందని ఆమె వివరణ. అయితే తర్వాతి అధ్యయనాలన్నీ ఒకే మాట చెప్పలేదు. కొన్నింటిలో తేడాయే కనిపించలేదు.

ఇటీవల వెంట్రుకలను కూడా పరీక్షిస్తున్నారు. వెంట్రుక నెలకు దాదాపు 1 సెంటీమీటరు పెరుగుతుంది కాబట్టి గడిచిన కొన్ని నెలల జాడ అందులో ఉంటుంది. జోర్డాన్‌లోని సిరియా శరణార్థి యువతపై ఇలాంటి అధ్యయనం జరిగింది. 8 వారాల సామూహిక కార్యక్రమం తర్వాత, కార్టిసాల్ ఎక్కువగా ఉన్నవారిలో తగ్గింది, మరీ తక్కువగా ఉన్నవారిలో పెరిగింది. ఆసరా దొరికితే శరీరం కూడా కుదుటపడగలదని ఇది సూచిస్తుంది.

4. ఆధారాన్ని ప్రశ్నించడం

శాసనాన్నో దస్తావేజునో పరిశీలించినట్లే జీవ సూచికనూ పరిశీలించాలి.

అ) ఎప్పుడు తీశారు? కార్టిసాల్ ఉదయం ఎక్కువగా, రాత్రి తక్కువగా ఉంటుంది. రాత్రి షిఫ్టు చేసేవారిలో ఈ క్రమం మారవచ్చు.
ఆ) ఎవరితో పోల్చారు? పోల్చిన గుంపు మారితే అర్థమూ మారుతుంది.
ఇ) ఏ బాధను కొలిచారు? నాటి హింసతోపాటు నేటి అద్దె, పని, పత్రాల దిగులు కూడా శరీరాన్ని తాకుతాయి.
ఈ) ఎవరు, ఎందుకు వాడతారు? చికిత్స కోసమా, మనిషి మాట అబద్ధమని తేల్చడానికా?

చివరి ప్రశ్న అన్నిటికన్నా ముఖ్యం. 2012 రఖైన్ హింస తర్వాత మయన్మార్ నుంచి వచ్చిన రోహింగ్యా కుటుంబాలు హైదరాబాద్ దక్షిణాన బాలాపూర్ ప్రాంతంలో నివసిస్తున్నాయి. 1951 నాటి అంతర్జాతీయ శరణార్థుల ఒప్పందంపై భారతదేశం సంతకం చేయలేదు. అందువల్ల వారికి రేపటి మీద భరోసా తక్కువ. అలాంటి మనిషి రక్తపరీక్షలో అంకె 'మామూలు' పరిధిలో వచ్చిందనుకోండి. ఆమెకు ఏమీ జరగలేదని దాని అర్థం కాదు. ఈ సూచికలు గుంపుల సగటును గురించి కొంత చెప్పగలవు. ఒక్క మనిషి గతానికి ధ్రువపత్రం ఇవ్వలేవు. శరీరాన్ని సాక్షిగా పిలవవచ్చు, తీర్పు మాత్రం దానికి వదలకూడదు. ఆ మనిషి చెప్పే మాటను కూడా వినాలి.

సారాంశం

1942, 1964 వలసల్లో తెలుగువారి మానసిక బాధ పద్దులకెక్కలేదు. నేడు కొలిచే సాధనాలు ఉన్నాయి, కానీ వాటి ఫలితాలు ఒకే తీరుగా లేవు. జీవ సూచిక, ప్రభుత్వ రికార్డు, మౌఖిక కథనం ఈ మూడింటినీ కలిపి చదివినప్పుడే కాందిశీకుల చరిత్ర నిండుగా అర్థమవుతుంది.

మాదిరి ప్రశ్నలు

1. ఆఘాతానికి గురైనవారిలో కార్టిసాల్ గురించిన పరిశోధనలు పరస్పరం ఎందుకు భిన్నంగా ఉన్నాయి?
2. మీ కుటుంబంలో లేదా ఊరిలో బర్మా నుంచి వచ్చినవారుంటే, వారి అనుమతితో వారి జ్ఞాపకాలను రెండు పేజీల్లో నమోదు చేయండి. ప్రభుత్వ రికార్డులో దొరకని ఏ విషయం అందులో ఉందో గుర్తించండి.