ఎర్రరంగు - నిరూపణ భారం

ఆహారపు కల్తీని అరికట్టడం పాలకుల బాధ్యత అనే భావన నేటిది కాదు. మధ్యయుగపు ఇస్లామీయ నగరాలలో ముహ్‌తసిబ్ అనే అధికారి అంగళ్ళను తనిఖీ చేసేవాడు. 12వ శతాబ్దంలో షైజరీ రచించిన హిస్బా గ్రంథం ఏయే వృత్తులవారు ఏ విధంగా కల్తీ చేస్తారో విడివిడిగా వివరించింది. నాటి కల్తీని చాలావరకు చూపు, వాసన, రుచి, తూనిక పట్టి ఇచ్చేవి. 19వ శతాబ్దంలో పుట్టిన కృత్రిమ రంగులు మాత్రం ఈ పరీక్షలకు లొంగలేదు.

1856లో ఇంగ్లండులో విలియం పెర్కిన్ బొగ్గు తారు నుండి లభించే అనిలిన్‌తో ఊదారంగు తయారుచేశాడు. వస్త్రాల కొరకు పుట్టిన ఇట్టి రంగులు అనతికాలంలోనే మిఠాయిలలో ప్రవేశించాయి. అమెరికాలో 1906లో ఆహార, ఔషధ చట్టం వచ్చింది. మరుసటి సంవత్సరమే ఏడు రంగులు మాత్రమే ఆహారానికి తగినవని ప్రభుత్వం ప్రకటించింది. అమరాంత్, ఎరిత్రోసిన్ అనే ఎరుపులు ఆ ఏడింటిలోనివే. తరువాతి కాలంలో అవి 2వ నంబరు ఎరుపు, 3వ నంబరు ఎరుపు అని పిలువబడ్డాయి.

1950లో నారింజరంగు మిఠాయిలు తిన్న పిల్లలు అస్వస్థులు కావడంతో పునఃపరీక్షలు మొదలైనాయి. 1960 నాటి చట్ట సవరణ ఒక మౌలికమైన మార్పు తెచ్చింది. రంగు హానికరమని ప్రభుత్వం నిరూపించనక్కరలేదు. నిరపాయకరమని ఉత్పత్తిదారుడే నిరూపించాలి. మనుషులలో గాని జంతువులలో గాని కాన్సరు కలిగించే రంగుకు అనుమతి ఉండరాదని డిలేనీ నిబంధన శాసించింది.

సూత్రం స్పష్టమే, ఆచరణ మందగించింది. అమరాంత్‌కు ఇచ్చిన తాత్కాలిక అనుమతి అనేకసార్లు పొడిగించబడింది. సోవియట్ పరిశోధకులు 1970 ప్రాంతంలో అనుమానం లేవనెత్తారు. ఆడ ఎలుకలకు అధిక మోతాదు ఇచ్చిన పరీక్షలో కాన్సరు కణితులు పెరిగినట్లు తేలిన పిమ్మట, 1976లో అమెరికా దానిని నిషేధించింది. పొరుగున ఉన్న కెనడా అవే ఆధారాలను చూచి కూడా నిషేధించలేదు.

ఎరిత్రోసిన్ చరిత్ర మరింత విచిత్రమైనది. అధిక మోతాదులో అది మగ ఎలుకలకు థైరాయిడ్ కణితులు కలిగించిందన్న కారణంతో 1990లో సౌందర్య సాధనాలలో నిషేధించబడింది. పెదవులకు పూయరాని రంగు ఆహారంలో మాత్రం కొనసాగింది. 2022లో వినియోగదారుల సంఘాలు అర్జీ పెట్టగా, 2025 జనవరిలో గాని ఆహారంలో దాని అనుమతి రద్దు కాలేదు. తయారీదారులకు 2027 జనవరి వరకు గడువు ఈయబడింది. ఎలుకలలో కణితులు ఏర్పడే తీరు మానవులకు వర్తించదని ప్రభుత్వ సంస్థ అప్పుడే చెప్పింది. అయినను చట్టం మినహాయింపు నీయలేదు.

కనుక ఈ రంగులు విషమని గాని, భయమంతా వృథా అని గాని తేల్చివేయడం తొందరపాటే అవుతుంది. ఈ చరిత్ర నేర్పే పాఠం వేరు. సందేహం ఏర్పడినప్పుడు దాని భారాన్ని ఎవరు మోయాలో 1960లోనే చట్టం నిర్ణయించింది. నిర్ణయానికీ అమలుకూ నడుమ గడచిన దశాబ్దాలలో ఆ భారాన్ని మోసినది ఉత్పత్తిదారుడు కాడు, తినేవాడు. వారిలో మిఠాయి రంగు చూచి ముచ్చటపడే పసిపిల్లలూ ఉన్నారు.